హైదరాబాద్ నుంచి విజయవాడకు ఇంటి సామాను: లైసెన్స్ ఉన్న ప్యాకర్స్‌ని ఎలా గుర్తించాలి?

కూకట్‌పల్లి_కూతురు | ఆదివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఏప్రిల్‌లో రిటైర్ అయ్యారు. 27 ఏళ్లుగా ఉంటున్న కె.పి.హెచ్.బి. ఇల్లు ఖాళీ చేసి, అమ్మా ఆయనా విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్న తాతగారి ఇంటికి వెళ్లిపోతున్నారు. ఆషాఢం వచ్చేలోపు అక్కడ పాలు పొంగించాలని అమ్మ పట్టు. నేను ఒక్కదాన్నే సంతానం కాబట్టి ఏర్పాట్లన్నీ నావే.

నిన్న ఒక వెబ్‌సైట్‌లో నా నంబరు ఇచ్చాను. పది నిమిషాల్లో ఏడు ఫోన్లు వచ్చాయి. ఒకరు 13,000 అన్నారు, ఒకరు 22,500, ఇంకొకరు 31,000. సామాను చూడ్డానికి మాత్రం ఒక్కరూ రాలేదు. అందరూ "గవర్నమెంట్ లైసెన్స్ ఉంది మేడమ్" అనే అంటున్నారు. కాపీ పంపమంటే ఒకరు జీఎస్టీ సర్టిఫికెట్ పంపారు, ఒకరు ఉద్యమ్ సర్టిఫికెట్, ఒకరు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్. అసలు ఈ పనికి లైసెన్స్ అంటే వీటిలో ఏది? ఆన్‌లైన్ వాళ్లు కాకుండా ఇక్కడే ఆఫీసున్న మనిషి దొరికితే బాగుండునని ఉంది. అమ్మావాళ్ల పెళ్లినాటి పందిరి మంచం, టేకు బీరువా, నానమ్మ రుబ్బురోలు ఉన్నాయి. పోతే మళ్లీ కొనుక్కునేవి కావవి. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారి_గట్టు | ఆదివారం, ఉదయం 9:42

అమ్మా, ముందుగా ఒక్కమాట. ఎవరికీ అడ్వాన్సు పంపకండి. "ఈ రేటు ఈరోజు వరకే" అని తొందరపెడతారు. ఆ తొందర వాళ్లదే, మీది కాదు. మిగతాది ఇక్కడ బాగా తెలిసినవాళ్లున్నారు, చెప్తారు.

లారీ_ఆఫీసు | ఆదివారం, ఉదయం 11:05

నేను 19 ఏళ్లుగా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ చూస్తున్నాను. చెల్లెమ్మ అడిగినదానికి తెలిసినంత చెప్తాను.

"ప్యాకర్స్ అండ్ మూవర్స్ లైసెన్స్" అని మన దేశంలో విడిగా ఏదీ లేదు. ఉన్నది కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్. రోడ్డు మీద సరుకు రవాణాకు 2007లో ఒక చట్టం చేశారు, క్యారేజ్ బై రోడ్ యాక్ట్ అని. అంతకుముందు 1865 నాటి క్యారియర్స్ చట్టమే నడిచేది. నియమాలు తయారై కొత్త చట్టం అమల్లోకి వచ్చింది 2011లో. పదిమంది సరుకూ తీసుకుని, రసీదు రాసి, లారీల మీద పంపే వ్యాపారం చేసేవాళ్లు రవాణా శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. మీరు అడగాల్సింది అది. "కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి" అని అచ్చంగా ఆ మాటే అనండి. నిజంగా ఉన్నవాడు వెంటనే ఫోటో తీసి పంపుతాడు. లేనివాడు "అదేంటి మేడమ్" అంటాడు, లేకపోతే మళ్లీ జీఎస్టీ కాగితమే పంపుతాడు.

మీకు వచ్చిన మిగతా కాగితాల సంగతి. ఉద్యమ్ అనేది చిన్న వ్యాపారాల నమోదు, ఎవరి వివరాలు వాళ్లే ఆన్‌లైన్‌లో నింపుకుని ఉచితంగా తెచ్చుకునేది. దానికీ సామాను భద్రతకూ సంబంధం లేదు. ట్రేడ్ లైసెన్స్ ఉంటే ఆ చిరునామాలో దుకాణం ఉందని తెలుస్తుంది, అది కొంత మేలే. జీఎస్టీ నంబరు మాత్రం పనికొస్తుంది, కానీ వాళ్లు పంపిన ఫోటో చూసి నమ్మొద్దు. జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్ అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. 15 అక్షరాల ఆ నంబరు కొడితే అసలు పేరు, ఏ తేదీన నమోదైంది, ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా రద్దయిందా అన్నీ కనపడతాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. "మాది కూకట్‌పల్లి బ్రాంచి" అనేవాడి నంబరు 07తో మొదలైతే అది ఢిల్లీ రిజిస్ట్రేషన్. ఇక్కడి ఆఫీసు ఎక్కడుందో అడగండి.

ఇంకో సంగతి గమనించండి. పేరున్న కంపెనీ పేరుకి ముందో వెనకో ఒక మాట తగిలించి తిరిగేవాళ్లు చాలామంది. బోర్డు మీద పేరు, బిల్లు మీద పేరు, పోర్టల్‌లో పేరు మూడూ ఒకటేనా అని అక్షరం అక్షరం చూడండి.

మైసూరు_రోడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

నా అనుభవం రాస్తాను. పొడుగైనా చదవండి, ఎందుకంటే మీకు వచ్చిన 13,000 కొటేషన్ లాంటిదే నాకూ వచ్చింది.

రెండేళ్ల కిందట బెంగళూరు నుంచి హైదరాబాద్ మారాం. నేనూ ఇలాగే ఒక సైట్‌లో నంబరు ఇచ్చి, అందరికన్నా తక్కువ చెప్పినవాణ్ని ఒప్పుకున్నాను. వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫోటో, అడ్వాన్సుగా 3,000 పంపాను, అంతే. పొద్దున నలుగురు కుర్రాళ్లు వచ్చారు. ప్యాకింగ్ బాగానే చేశారు, నేను వాళ్లకి టిఫిన్ కూడా పెట్టించాను. బండి బయల్దేరాక గంటకి ఫోన్. "సార్, సామాను అనుకున్నదానికంటే ఎక్కువైంది. ఇంకో 17,000 వేస్తే బండి కదులుతుంది." డ్రైవర్‌కి చేస్తే, "నాకు కిరాయి మాట్లాడింది వేరే ఆయన, ఆ కంపెనీ ఎవరో నాకు తెలీదు" అన్నాడు. అంటే నా దగ్గర డబ్బు తీసుకున్నవాడు దళారి. ప్యాక్ చేసినవాళ్లు కూలీకొచ్చినవాళ్లు. బండి ఎవరిదో.

మాకప్పుడు ఎనిమిది నెలల పాప. పాప మంచం, బట్టలు అన్నీ బండిలోనే. నాలుగు రోజులు ఖాళీ ఇంట్లో చాప మీద పడుకున్నాం. చివరికి 9,000 ఇచ్చి విడిపించుకున్నాను. దారిలో ఎక్కడో ఇంకో లారీలోకి మార్చారట. టీవీ లేదు, రెండు అట్టపెట్టెలు లేవు. అడగడానికి నా దగ్గర రసీదు లేదు, సామాను లిస్టు లేదు, కనీసం బండి నంబరు కూడా రాసుకోలేదు.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, పోయిన ఒక పెట్టెలో మా పాప పుట్టినప్పటి ఫోటోల ఆల్బమ్ ఉంది. మీ అమ్మగారి సామాను గురించి చదవగానే అదే గుర్తొచ్చింది. దయచేసి 13,000 వాడిని వదిలేయండి.

కూకట్‌పల్లి_కూతురు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయండి. చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ 13,000 నంబరు బ్లాక్ చేశాను.

మిగిలిన ఆరుగురినీ లారీ_ఆఫీసు అన్నయ్య చెప్పిన ప్రశ్నే అడిగాను. నలుగురికి ఆ మాటే తెలీదు. ఒకరు రేపు పంపిస్తామన్నారు. ఒకరు "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ తీసేసి ఇంకా తక్కువకి చేస్తాం" అన్నారు. నాన్నగారేమో ఆ తక్కువ రేటు మంచిదే కదా అంటున్నారు. ఆయనకి ఏం చెప్పాలి?

నల్లకోటు | ఆదివారం, సాయంత్రం 6:20

నేను వినియోగదారుల కమిషన్‌లో కేసులు వాదిస్తాను. మీ నాన్నగారికి ఇలా చెప్పండి. బిల్లు వద్దన్నామంటే ఆ సామాను మనం వాళ్లకి అప్పగించామనే రుజువునే వదులుకున్నట్టు. మిగిలేది మూడు నాలుగు వేలు. పోతే మొత్తం పోతుంది.

మీ చేతిలో ఉండాల్సిన అసలు కాగితం గూడ్స్ రిసీట్. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఎల్‌ఆర్ అంటారు, కొందరు బిల్టీ అంటారు. 2007 చట్టం ప్రకారం క్యారియర్ అది ఇచ్చితీరాలి. కొటేషన్ వేరు, ఎల్‌ఆర్ వేరు. దానిమీద పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, ఎన్ని నగలు, బండి నంబరు, కిరాయి, సామాను విలువ ఉండేలా చూసుకోండి. నగలంటే బంగారం కాదు, పెట్టెల లెక్క. ట్రాన్స్‌పోర్ట్‌లో అదే మాట వాడతారు.

విలువ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. 2011 నియమాల ప్రకారం, ఎక్కువ విలువకి బాధ్యత తీసుకోమని అదనంగా రిస్కు రేటు కట్టకపోతే క్యారియర్ బాధ్యత కిరాయికి పది రెట్లకే పరిమితం, అది కూడా మీరు రాసిన విలువ దాటకుండా. ఇక్కడ కిరాయి అంటే మీరిచ్చే మొత్తం కాదు. 22,500లో ప్యాకింగ్ 7,000, ఎక్కించి దింపడానికి 6,000 పోను కిరాయి 9,500 అని రాశారనుకోండి. మీ హద్దు 95,000. పందిరి మంచం, బీరువా, ఫ్రిజ్, టీవీ కలిపితే అది దాటిపోదూ? అందుకే కిరాయి ఎంతని రాస్తున్నారో ముందే అడగండి. ఎక్కువ విలువ రాసి రిస్కు రేటు కట్టడమా, బీమా తీసుకోవడమా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

పోయినా పగిలినా క్యారియర్‌కి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోపు. ఫోన్లలో "చూస్తాం సార్, సెటిల్ చేస్తాం సార్" అంటూ ఆర్నెల్లు గడిపేస్తారు. అది దాటాక నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఉండదు.

మైసూరు_రోడ్డు గారూ, మీకు జరిగింది బేరం కాదు, నేరం. రవాణాకి అప్పగించిన సొత్తు విషయంలో నమ్మకద్రోహం చేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు ఉంది. అలాంటి ఫోన్ వచ్చిన వెంటనే 112కి చేయాలి. బండి నంబరు, డ్రైవర్ నంబరు, ఒప్పుకున్న రేటు రాసిన కాగితం ఉంటే పోలీసులు మాట్లాడగానే చాలా బళ్లు కదులుతాయి.

బ్యాంకు_బదిలీ | ఆదివారం, రాత్రి 8:50

బ్యాంకు ఉద్యోగం, ఇప్పటికి తొమ్మిది ఊళ్లు మారాను. రెండు విషయాలు కలుపుతాను.

"ఐబీఏ అప్రూవ్డ్" అని చాలామంది బోర్డు పెడతారు. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ లారీ రవాణా సంస్థలను సిఫార్సు చేస్తూ ఒక జాబితా వేస్తుంది. మొదట్లో అది బ్యాంకులు లారీ రసీదుల మీద అప్పులిచ్చేటప్పుడు ఎవరిని నమ్మాలన్నదాని కోసం వచ్చింది. మాకు బదిలీ బిల్లు పాస్ కావాలంటే ఆ జాబితాలోని సంస్థ రసీదు అడుగుతారు, అందుకే అందరూ ఆ మాట వాడుకుంటున్నారు. బోర్డు చూసి నమ్మకండి, జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూడండి. ఉంటే మంచి గుర్తే. అయినా మీ ఇంటికొచ్చే బృందం వాళ్ల సొంత మనుషులేనా అన్నది విడిగా అడగాలి.

రెండోది బీమా. "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ 3 శాతం" అని బిల్లులో రాస్తారు. 3 లక్షల విలువకి 9,000. ఆ డబ్బు ఏ బీమా కంపెనీకి వెళ్తోందో అడగండి. మీ పేరుతో, మీ సామాను విలువతో బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితమో సర్టిఫికెట్టో బండి కదలకముందే మీ చేతికి రావాలి. చాలాచోట్ల అది బీమాయే కాదు, ఎఫ్‌ఓవీ అని క్యారియర్ తన దగ్గరే ఉంచుకునే రిస్కు చార్జీ. అదీ తప్పు కాదు, కానీ పగిలితే ఇచ్చేది ఆయనే, బీమా కంపెనీ కాదు. ఏది కొంటున్నామో తెలియాలి కదా.

నిజమైన పాలసీ అయితే అందులో ఇన్‌ల్యాండ్ ట్రాన్సిట్ క్లాజ్ ఎ ఉందా, బి ఉందా చూడండి. ఎ అయితే దించేటప్పుడు పగిలినవి కూడా వస్తాయి. బి అయితే బండి బోల్తాపడటం, గుద్దుకోవడం, నిప్పంటుకోవడం లాంటివే. నాకు నాలుగో బదిలీలో డైనింగ్ టేబుల్ అద్దం పగిలింది. పాలసీ బి క్లాజ్. పైసా రాలేదు. ఆరోజు నుంచి ఆ ఒక్క అక్షరం చూడకుండా సంతకం పెట్టను.

డీసీఎం_చాలు | సోమవారం, ఉదయం 7:40

ఇంత హైరానా ఎందుకండీ? మేము పోయిన నెలే దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్ మారినం. అడ్డా మీద డీసీఎం వ్యాను మాట్లాడి, నలుగురు హమాలీలను పెట్టుకున్నాం. మొత్తం 6,500 అయింది. పెట్టెలు మేమే సర్దుకున్నాం, దుప్పట్లు మేమే చుట్టాం. బండి వెనకాలే బైక్ మీద వచ్చాను. గ్లాసు కూడా పగల్లేదు.

లారీ_ఆఫీసు | సోమవారం, ఉదయం 8:25

ఊళ్లో ఊళ్లోనే మారేటప్పుడు మీ పద్ధతి మంచిదే తమ్ముడూ, కాదనను. బండి కళ్లముందే ఉంటుంది, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతుంది. అప్పుడు చూడాల్సింది బండి కాగితాలు. పసుపు నంబరు ప్లేటు ఉండాలి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో వస్తుంది.

విజయవాడ సంగతి వేరు. 275 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు దాటాలి. పెద్ద బళ్లకి సిటీలో పగటిపూట ఆంక్షలుంటాయి కాబట్టి లారీ రాత్రే కదులుతుంది. రాత్రంతా వెనకాల బైక్ మీద వెళ్లలేం. పైగా రాష్ట్రం దాటాలంటే బండికి నేషనల్ పర్మిట్ ఉండాలి, అడ్డా మీది డీసీఎంలన్నిటికీ అది ఉండదు.

చెల్లెమ్మా, ఇంకొకటి అడగండి: ఫుల్ లోడా, పార్ట్ లోడా? పార్ట్ లోడ్ అంటే మీ సామానుతోపాటు ఇంకొకరిదీ వేస్తారు. చవక, కానీ గోడౌన్‌లో దింపి మళ్లీ ఎక్కిస్తారు. సామాను దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. "ఇంటి దగ్గర ఎక్కిన బండే ఇంటి దగ్గర దిగుతుంది, మధ్యలో మార్చం" అని ఎల్‌ఆర్ మీద రాయించండి. సత్యనారాయణపురంలో మీ సందులోకి 17 అడుగుల బండి వెళ్తుందా? వెళ్లకపోతే సందు మొదట్లో ఆపి ట్రాలీ ఆటోకి ఎక్కించాలి. ఆ ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి. అక్కడికెళ్లాక తేల్చుకుందామంటే ఇచ్చేది మీరే.

దారిలో చెక్‌పోస్టు జీఎస్టీ అని, ఈ-వే బిల్లు అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదని నియమాల్లోనే ఉంది. ఎల్‌ఆర్, సామాను లిస్టు బండిలో ఉంటే చాలు.

కూకట్‌పల్లి_కూతురు | బుధవారం, రాత్రి 9:30

రెండు రోజులు ఇదే పని మీద తిరిగాను. ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా కాలనీలో పోయిన సంవత్సరం గుంటూరు వెళ్లిన ఒక ఆంటీని అడిగితే తన సామాను తీసుకెళ్లినవాళ్ల నంబరు ఇచ్చారు. బాలానగర్‌లో ఆఫీసు. ఫోన్‌లో రేటు చెప్పలేదు. "సామాను చూడకుండా ఎలా చెప్తామమ్మా" అన్నారు. ఆ మాటకే సగం నమ్మకం కలిగింది. అయినా నాన్నగారూ నేనూ స్వయంగా వెళ్లాం. చిన్న ఆఫీసు, వెనకాల గోడౌన్, బయట రెండు బళ్లు. కామన్ క్యారియర్ సర్టిఫికెట్ అడగ్గానే గోడ మీద ఫ్రేము కట్టించి ఉన్నది చూపించారు. జీఎస్టీ నంబరు 36తో మొదలవుతోంది, పోర్టల్‌లో యాక్టివ్, 2017 నుంచీ ఉంది. పేరు బోర్డుతో సరిపోయింది.

మంగళవారం ఒకాయన ఇంటికొచ్చి గంటసేపు గది గదీ చూశాడు. మేడ మీద సామాను, మంచం కింద ఇత్తడి గంగాళాలు, అటక మీద పాత పెట్టెలు కూడా రాసుకున్నాడు. నాన్నగారు "అటక వదిలెయ్యవయ్యా" అంటే, "ఇప్పుడు వదిలేస్తే ఆరోజు మీతో గొడవ పడాల్సొస్తుంది సార్" అన్నాడు. పందిరి మంచం విప్పడానికి కార్పెంటర్‌ని వాళ్లే తెస్తారు. మొత్తం 24,800, జీఎస్టీతో కలిపి. 58 నగలు. మధ్యలో బండి మార్చబోమని రాసిచ్చారు. కిరాయి విడిగా 12,000 అని ఉంది, అంటే నల్లకోటు గారి లెక్కన హద్దు 1,20,000. అందుకని బీమా కూడా తీసుకుంటున్నాం, 2,50,000కి, ఎ క్లాజ్. పాలసీ రెండు రోజుల ముందే పంపుతామన్నారు.

డబ్బు విషయంలో చిన్న పట్టింపు వచ్చింది. వాళ్లు ఎక్కించేటప్పుడే మొత్తం అడిగారు. చివరికి బుకింగ్‌కి 2,000, ఎక్కించాక 60 శాతం, దింపాక మిగిలింది అని కుదిరింది. 31,000 చెప్పిన పెద్ద సంస్థ కంటే వీళ్లే నయం అనిపించింది. తప్పు చేస్తున్నానా?

నల్లకోటు | బుధవారం, రాత్రి 10:05

లేదమ్మా, చక్కగా చేశారు. దింపే రోజు గురించి ఒకటి గుర్తుంచుకోండి. దింపగానే "సామాను సవ్యంగా అందింది" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. అందరూ అలిసిపోయి ఉంటారు, కూలీలు తొందరపెడతారు. పెట్టెలు లెక్కపెట్టకుండా సంతకం చేయొద్దు. ఏదైనా పగిలి ఉంటే ఆ కాగితం మీదే మీ చేత్తో రాసి, అప్పుడు సంతకం చేసి, ఫోటో తీసుకోండి. విప్పని పెట్టెలుంటే "లోపల చూడలేదు" అని కూడా రాయండి. ఆ ఒక్క వాక్యం వల్ల నిలబడిన కేసులున్నాయి.

ఒకవేళ తేడా వచ్చి ఎవరూ పలకకపోతే ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా కమిషన్. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

గోదారి_గట్టు | గురువారం, ఉదయం 6:15

అమ్మగారి దగ్గర ఆవకాయ జాడీలు ఉంటాయిగా? వాటిని లారీలో వేయనివ్వకండి. మేము రాజమండ్రి వెళ్లినప్పుడు మాగాయ జాడీ పక్కకి ఒరిగి, నూనె కారి పట్టుచీరల పెట్టె మొత్తం పాడైంది. పైకి తేలిన నూనె వేరే సీసాలోకి తీసి, మూతికి మంచి గుడ్డతో రెండు వరసలు వాసెన కట్టి, కారులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. అక్కడికెళ్లాక నూనె మళ్లీ పోసుకోవచ్చు.

తులసికోటలో మట్టి ముందురోజు తడపకండి, బరువు పెరిగి కుండీ పగులుతుంది.

బ్యాంకు_బదిలీ | గురువారం, ఉదయం 7:00

ఫ్రిజ్ ముందురోజు రాత్రే ఆపేసి మంచు కరిగించండి, అక్కడ నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ అయితే కొన్నప్పుడు వచ్చిన ట్రాన్సిట్ బోల్టులు వెతికి బిగించాలి. టీవీ పనిచేస్తుండగా వీడియో తీయండి, సీరియల్ నంబరు కూడా అందులో పడాలి. గ్యాస్ సిలిండర్ బండిలో వెయ్యకూడదు. ఏజెన్సీలో అప్పగించి టర్మినేషన్ వోచర్ తీసుకుంటే విజయవాడలో కొత్త కనెక్షన్ తేలిక. నాన్నగారి స్కూటర్ పంపుతుంటే పెట్రోలు పూర్తిగా తీసేసి, ఆర్‌సీ కాపీ ఇవ్వండి. బంగారం, ఇంటి దస్తావేజులు, పెన్షన్ కాగితాలు ఎవరికీ ఇవ్వకుండా చేతిసంచిలో.

మైసూరు_రోడ్డు | గురువారం, ఉదయం 9:20

ఫోటో ఆల్బమ్‌లు కూడా చేతిసంచిలోనే, దయచేసి.

కూకట్‌పల్లి_కూతురు | రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:45

వచ్చేశామండీ. ఎవరెవరికి ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీడం లేదు.

గురువారం పొద్దున ఎనిమిదికి ఐదుగురు వచ్చారు. పందిరి మంచం విప్పేటప్పుడు కార్పెంటర్ ప్రతి ముక్క మీదా సుద్దతో నంబరు వేశాడు. రుబ్బురోలు ఎవరూ తీసుకోరేమో అనుకున్నాను, గోనెసంచులు చుట్టి ముందుగా దాన్నే ఎక్కించారు. "బరువు కిందుండాలమ్మా" అన్నాడు మేస్త్రీ. ఒక్కో పెట్టె మీదా నంబరు, లోపలేముందో నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాత్రి పదిన్నరకి బండి కదిలింది. ఎల్‌ఆర్ మీద 61 నగలు వచ్చింది, 58 కాదు. మూడు ఎక్కువైనా రేటు పెంచలేదు.

మేము కారులో తెల్లవారుజామునే చేరి, దేవుడి పటం, బియ్యం, పసుపు, ఉప్పు లోపల పెట్టి పాలు పొంగించాం. బండి ఏడింటికొచ్చింది. అదే బండి, అదే డ్రైవర్. సందులోకి రాలేదు, లారీ_ఆఫీసు అన్నయ్య ముందే చెప్పినట్టే ట్రాలీ ఆటో కావాల్సొచ్చింది. ఆ 1,200 కొటేషన్‌లోనే రాయించాం కాబట్టి వాదన లేకుండా వాళ్లే పెట్టుకున్నారు.

61 లెక్కపెట్టాను. డ్రెస్సింగ్ టేబుల్ అద్దం మూల పగిలింది. వాళ్ల సూపర్‌వైజర్ "సంతకం పెట్టండి మేడమ్, తర్వాత చూసుకుందాం" అన్నాడు. నాన్నగారు అప్పటికే పెన్ను తీశారు. నేను ఆపి, "44వ నంబరు, అద్దం పగిలింది, పెట్టెల లోపల చూడలేదు" అని రాసి అప్పుడు ఇచ్చాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు, కానీ ఏమీ అనలేదు. మర్నాడు ఆఫీసుకి మెయిల్ పెట్టి ఫోటోలు పంపాను. బీమా దాకా వద్దు, అద్దం మార్పించిన బిల్లు పంపండి మేమే ఇస్తాం అన్నారు. బిల్లు 2,350 అయింది. నిన్న అకౌంట్‌లో పడింది.

డీసీఎం_చాలు | ఆదివారం, సాయంత్రం 6:30

చాలా సంతోషం అక్కా. మా తమ్ముడు వచ్చే నెల వరంగల్ నుంచి వైజాగ్ పోతున్నడు. నేను చెప్పినట్టు డీసీఎం కాకుండా, మీరు చేసినట్టే చేయమని ఈ పేజీ పంపిన. అక్కడ మంచివాళ్లు తెలిస్తే ఎవరైనా చెప్పండి.

లారీ_ఆఫీసు | ఆదివారం, రాత్రి 7:15

వరంగల్‌లో పేర్లు ఇక్కడ రాయను తమ్ముడూ, ఈరోజు బాగున్నవాడు రేపు మారొచ్చు. మీ తమ్ముడిని ముందు సామాను లిస్టు రాసుకోమను, ఎన్ని గదులు, బైక్ ఉందా, ఎన్నో అంతస్తు, రెండువైపులా లిఫ్టు ఉందా. అవి ఇక్కడ పెట్టండి. ఎంత బండి కావాలో, కిరాయి ఎంతలో ఉండాలో నేను చెప్తాను. వాళ్లు చెప్పే రేటు అంతకు సగం ఉంటే ఫోన్ పెట్టేయమను.

కూకట్‌పల్లి_కూతురు | ఆదివారం, రాత్రి 8:40

డీసీఎం_చాలు తమ్ముడూ, నా నోట్‌బుక్ పేజీల ఫోటోలు, ఎల్‌ఆర్ మీద ఏమేం రాయించామో అన్నీ మీకు మెసేజ్‌లో పంపాను. గోదారి_గట్టు గారూ, జాడీలు నాలుగూ చుక్క కారకుండా వచ్చాయి. అమ్మ ఈరోజే వాసెన విప్పి నూనె పోసింది. మొదటి ముద్ద మీ పేరు చెప్పి నాన్నగారికి పెట్టింది.